చెకుముకి తుపాకి కర్ర నునుపు: నూనె పట్టించే ముందు చేయాల్సిన పని

అనంతపురం నుంచి వెళ్లి పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు అడిగిన సంగతి ఇది. అక్కడ చెకుముకి తుపాకి కిట్ ఒకటి కొన్నాడు. స్టాక్, అంటే తుపాకి కర్ర భాగం, మేపుల్‌ది, పులిచారలు ఉన్న రకం. గరుకైన 80 నంబర్ శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), కాస్త నునుపు రాగానే నేరుగా 220కి వెళ్లాడు. ఇప్పుడు మడమ దగ్గర, అంటే భుజానికి ఆనించే చివర, ఇత్తడి పట్టీ కంటే కర్ర కిందికి దిగిపోయింది. చెకుముకి రాయితో నిప్పు పుట్టించే లాక్ చుట్టూ ఉన్న అంచులు గుండ్రంగా అయిపోయాయి. కర్రకు రంగిచ్చే స్టెయిన్ పూస్తే మచ్చలు మచ్చలుగా వచ్చి, అడ్డగీతలు బయటపడ్డాయి. "ఇంకో రెండు కోట్లు నూనె పట్టిస్తే కప్పుకుపోతుందా అన్నా?" అని అడిగాడు.

కప్పుకుపోదు తమ్ముడూ. నూనె దేన్నీ కప్పదు. కర్రలో ఉన్నదాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. నార అందంగా ఉంటే ఆ అందాన్ని, గీత ఉంటే ఆ గీతను. కాబట్టి నూనె డబ్బా మూత పెట్టి పక్కన పెట్టు. నీ స్టాక్ పాడైపోలేదు, బాగు చేసుకోవచ్చు. కాకపోతే నాలుగడుగులు వెనక్కి వెళ్లాలి.

నేను కర్నూలులో ముప్పై ఏళ్లుగా కర్రపని చేస్తున్నాను. ఎక్కువగా టేకు ద్వారబంధాలు, ఉయ్యాల బల్లలు. మధ్యలో పన్నెండేళ్లు, లైసెన్స్ ఉన్న తుపాకులు బాగుచేసే ఒక షాపుకు కర్ర పని చేసిపెట్టాను. అడవి పందుల నుంచి శనగ చేలు, వేరుశనగ చేలు కాపాడుకోవడానికి లైసెన్స్ తీసుకున్న రైతులు తమ పాత తుపాకులు తెచ్చేవాళ్లు. కింద పడి, చేత్తో పట్టే మెడ దగ్గర చీలినవి, ఎండకు ఎండి పగుళ్లిచ్చినవి, చెదలు తిన్నవి. మేపుల్ నాకు మన ఊళ్లో దొరికే కర్ర కాదు. అమెరికా నుంచి వచ్చిన ఒక పాత కుర్చీ జత, ఒక ఫిడేలు వెనక పలక, ఈ రెండింటి మీదే దాంతో చేయి కలిపాను. కానీ గట్టి కర్రను నునుపు చేసే పద్ధతి టేకుకైనా, జిట్రేగికైనా, మేపుల్‌కైనా ఒకటే.

ఇది చదివి మన జిల్లాల్లో ఎవరైనా అలాంటి కిట్ తెప్పించుకుందామనుకుంటే ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి కూడా మన దేశంలో లైసెన్స్ ఉండాలి. అమెరికాలో ఇలాంటి పాతకాలపు నమూనాలను కేంద్ర చట్టం వేరుగా చూస్తుంది గానీ, రాష్ట్రం రాష్ట్రానికి రూల్స్ మారతాయి. నువ్వు ఉండే చోటి రూల్ చూసుకునే ఉంటావనుకుంటున్నాను. ఇంట్లో లైసెన్స్ ఉన్న తుపాకి కర్ర బాగుచేసుకునేవాళ్లకు మాత్రం ఇక్కడ రాసేదంతా పనికొస్తుంది. పని మొదలుపెట్టే ముందు అది ఖాళీగా ఉందని మీ కళ్లతో మీరే చూసుకోండి.

ఇక నీ పని. ముందు తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను.

పేపర్‌ను వేళ్ల కింద పెట్టుకుని రుద్దావు కదా? ఫోటో చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే అంచులు గుండ్రమయ్యేది అలాగే. వేలు మెత్తగా ఉంటుంది. గట్టి చోట ఆగుతుంది, మెత్తటి చోట దిగుతుంది, అంచు రాగానే దాని మీదుగా వంగి జారుతుంది. పులిచారల మేపుల్‌లో ఇది రెండింతలు. ఆ చారలు రంగు వల్ల వచ్చినవి కావు. లోపల నార అలలు అలలుగా నడుస్తుంది. ఒక చార దగ్గర నార పడుకుని ఉంటుంది, పక్క చార దగ్గర నార కొనలు పైకి లేచి ఉంటాయి. వేలితో రుద్దితే మెత్తటి చారలు ఎక్కువ అరిగి, గట్టి చారలు మిగిలిపోతాయి. చేత్తో తడిమితే తెలియదు. నూనె పడ్డాక వెలుతురులో చూస్తే రేకుల షెడ్డు కప్పులా అలలు కనిపిస్తాయి.

అందుకే చదునుగా ఉన్న ప్రతి చోటా పేపర్ వెనక గట్టి చెక్క ఉండాలి. లాక్ పలకలకు, అంటే లాక్ చుట్టూ ఉన్న చదును కర్రకు, అరచేతిలో సగం ఉండే టేకు ముక్క చాలు, దాని అడుగు భాగం చిత్రిక పట్టి అద్దంలా చదును చేసుకో. గొట్టం కింద ఉండే పొడుగాటి ముంజేతి భాగానికి ఆరంగుళాల ముక్క. గుండ్రటి చోట, అంటే చేయి పట్టే మెడ దగ్గర, పాత చెప్పు రబ్బరు ముక్కకు పేపర్ చుట్టుకో. నేను ఇప్పటికీ హవాయి చెప్పు ముక్కలే వాడతాను. దానికి వంగే గుణం ఉంది, కానీ వేలంత మెత్తన కాదు.

మా నాన్న శాండ్‌పేపర్‌ను ఉప్పుకాగితం అనేవారు, దాన్ని చివర్లో తప్ప ముట్టుకునేవారు కాదు. ముందంతా గాజుపెంకు. పాత అద్దం ముక్క పగలగొట్టి, పదునైన అంచును కర్ర మీద కాస్త వాల్చి పట్టి లాగేవారు. పొట్టు పట్టుదారంలా సన్నగా లేచేది. అంచు మొద్దుబారగానే ముక్క మార్చేవారు. అదే పని ఉక్కు స్క్రేపర్, అంటే పలచటి ఉక్కు పలక, ఇంకా బాగా చేస్తుంది, చేతులూ తెగవు. పాత రంపం బ్లేడు ముక్కతో కూడా చేసుకోవచ్చు. అంచును ఆకురాయితో చతురస్రంగా దించి, తర్వాత గట్టి ఉక్కు కడ్డీతో అంచు మీద ఒత్తి రుద్దితే కంటికి కనపడని సన్నటి కొక్కెంలాంటి అంచు తిరుగుతుంది. కోసేది అదే. పొడి రాలుతుంటే ఆ కొక్కెం పోయిందని అర్థం, మళ్లీ తిప్పుకోవాలి. చుట్టలు చుట్టలుగా పొట్టు రావాలి.

నువ్వు ఉండే పెన్సిల్వేనియాలోనే, లాంకాస్టర్ చుట్టుపక్కల, 1700ల్లో జర్మన్ మూలాలున్న పనివాళ్లు ఈ పొడుగు తుపాకులు చేసేవాళ్లు. వాళ్ల కర్రలు ఎక్కువగా స్క్రేపర్‌తో తేల్చినవే. అమెరికాలో శాండ్‌పేపర్ మీద పేటెంట్ వచ్చింది 1834లో. మన కర్నూలు లెక్కలో చెప్పాలంటే, నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేశాడని కంపెనీ వాళ్లు 1839లో రాజ్యం లాక్కోవడానికి ఐదేళ్ల ముందు. అప్పటికే చెకుముకి తుపాకుల కాలం అయిపోవస్తోంది. అంటే నీ చేతిలో ఉన్న నమూనా కాలానికి, స్క్రేపర్ గీకిన ఉపరితలమే అసలు పద్ధతి. స్క్రేపర్ కర్రను కోస్తుంది, పేపర్ చింపుతుంది. కోసిన మేపుల్ వెలుతురు పడితే కదులుతున్నట్టు మెరుస్తుంది. బాగా రుద్దిన మేపుల్‌లో ఆ మెరుపు కాస్త తగ్గుతుంది.

ఇప్పుడు నీ మూడు సమస్యలు ఒక్కొక్కటిగా.

మడమ పట్టీ. కర్ర ఇత్తడి కంటే దిగిపోయింది కాబట్టి కర్రను పెంచలేం, ఇత్తడిని దించాలి. పట్టీని స్క్రూలతో గట్టిగా బిగించు. కర్ర మీద పట్టీ అంచు దాకా రెండు మూడు పొరలు టేపు అంటించు. సన్నపళ్ల ఆకురాయితో ఇత్తడిని కొంచెం కొంచెంగా దించు, వేలి గోరు అడ్డంగా జరిపితే తట్టు తగలకుండా అయ్యేదాకా. సాధారణంగా పోత ఇత్తడి పట్టీకి ఒక మిల్లీమీటరు పోయినా బలానికి ఏమీ కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఒకే పేపర్‌తో ఇత్తడినీ కర్రనూ కలిపి రుద్దొద్దు. నల్లటి లోహపు పొడి మేపుల్ నారలో ఇరుక్కుంటుంది, తర్వాత ఏం చేసినా పోదు, మురికి పట్టినట్టు ఉండిపోతుంది. ఇంకోసారి కిట్ కడితే ఇవన్నీ బిగించి ఉంచే కర్ర తేల్చు. విప్పి విడిగా రుద్దితే ఎవరికైనా ఇలాగే దిగిపోతుంది. కిట్లలో కర్రను లోహం కంటే కొంచెం ఎత్తుగా వదిలేది అందుకే.

లాక్ పలకలు. ఇది నాకు బాగా గుర్తుండే తప్పు, ఎందుకంటే షాపు పనిలో చేరిన మొదటి ఏడాది నేనూ ఇదే చేశాను. ఒక పెద్దాయన తన తండ్రి వాడిన తుపాకి తెచ్చాడు. మెడ దగ్గర చీలిక అతికించి, ఆ ఉత్సాహంలో స్టాక్ అంతా కొత్తగా కనపడాలని అంచుల మీద కూడా పేపర్ తిప్పేశాను. పని బాగుందని ఆయన డబ్బులిచ్చి వెళ్లాడు. కానీ నాకు తెలుసు, ఆ లాక్ చుట్టూ వందేళ్ల నాటి చేతి గీత ఒకటి ఉండేది, దాన్ని నేను తుడిచేశాను. ఆ రోజు నుంచి అంచుల దగ్గరికి వస్తే చేయి ఆగుతుంది.

నీ విషయంలో, ముందు లాక్‌ను దాని గూట్లో పెట్టి చూడు. కర్ర ఇంకా లాక్ ప్లేటు మట్టం కంటే కొంచెం ఎత్తుగా ఉంటే, చెక్క ముక్కకు 150 పేపర్ అంటించి పలక మొత్తాన్ని సమంగా దించు. అంచు దానంతట అదే పదునుగా మళ్లీ వస్తుంది. పెన్సిల్‌తో పలక మీద గీతలు గీసుకో, గీతలన్నీ ఒకేసారి చెరిగిపోతే చదును వచ్చినట్టు. కర్ర అప్పటికే ప్లేటు మట్టానికి వచ్చేసి ఉంటే ముట్టుకోవద్దు. కొంచెం గుండ్రటి అంచుతో ఉన్న లాక్ చూడటానికి బాగానే ఉంటుంది. కర్ర కిందికి దిగి ప్లేటు పైకి పొడుచుకొచ్చిన లాక్ మాత్రం ఎప్పటికీ కంట్లో గుచ్చుకుంటుంది. ముంజేతి పక్కల పలచటి గోడల దగ్గర కూడా అంతే. గొట్టం కూర్చునే గాడికీ, కింద మందు దట్టించే కడ్డీ గాడికీ మధ్య కర్ర కొన్ని చోట్ల చాలా పలచన. అక్కడ నునుపు కోసం పట్టుపట్టి రుద్దితే ఒకరోజు వెలుతురు కనిపిస్తుంది.

మచ్చలు. 80 నంబర్ పేపర్ వేసే గీతలు లోతైనవి. 220 వాటి కొసల్ని మాత్రమే నునుపు చేస్తుంది, అడుగు అలాగే ఉంటుంది. స్టెయిన్ ఆ గాడిలో నిలబడి నల్లగీత అవుతుంది. ముందు స్టెయిన్‌ను స్పిరిట్ గుడ్డతో తుడిచినంత తుడువు, తర్వాత స్క్రేపర్‌తో గీకు. ఆ తర్వాత 120, 180, 220. మధ్య మెట్టు ఒక్కటీ ఎగరగొట్టవద్దు. ప్రతి మెట్టులో పెన్సిల్ గీతలు గీసి, అవి పోయేదాకా నార వెంబడే రుద్దు, అడ్డంగా వద్దు. నంబర్ మార్చేటప్పుడు పొడి పూర్తిగా తుడువు, ఎందుకంటే 120 నుంచి ఊడిన ఒక్క రవ్వ 220 కింద పడితే మళ్లీ పొడుగు గీత. 220 దగ్గర ఆగు. మేపుల్‌ను ఇంకా సన్నటి పేపర్‌తో రుద్దుకుంటూ పోతే కర్ర మూసుకుపోయి రంగు తాగదు. ముక్కుకు మాస్క్ పెట్టుకో, ఇది మర్చిపోకు.

చూసే పద్ధతి కూడా ముఖ్యం. పైన ట్యూబ్‌లైట్ వెలుతురులో అన్నీ నునుపుగానే ఉంటాయి. గదిలో దీపాలు ఆర్పి, ఒక టార్చి కర్రకు దాదాపు ఆనించి పక్క నుంచి వెయ్యి. ప్రతి గీతా, ప్రతి అలా నీడతో లేస్తుంది. నేను సాయంత్రం నాలుగున్నరకు షాపు గుమ్మంలో ఏటవాలు ఎండ పడేటప్పుడు చూసేవాణ్ణి. ఎండ ఇంటి లోపలికి వచ్చే ఆ అరగంట, నా పనికి పరీక్ష టైమ్.

నొక్కులు ఉంటే రుద్ది పోగొట్టొద్దు. చుట్టూ ఎంత దించాలో తెలియదు, పల్లమవుతుంది. తడి గుడ్డ మడిచి నొక్కు మీద వేసి, వేడి ఇస్త్రీ పెట్టెను రెండు మూడు సెకన్లు ఆనించు. ఆవిరికి నలిగిన నార ఉబ్బి పైకి వస్తుంది. రెండు మూడుసార్లకు చాలా నొక్కులు లేచిపోతాయి. నార తెగిన చోట మాత్రం లేవదు.

ఇక నూనెకు ముందు తప్పకుండా చేయాల్సింది, చాలామంది మర్చిపోయేది: నీళ్లు పట్టించడం. 220 అయ్యాక శుభ్రమైన గుడ్డ తడిపి, పిండి, స్టాక్ అంతా తుడువు. హీట్‌గన్‌తో గానీ హెయిర్ డ్రయర్‌తో గానీ ఆరబెట్టు. చేయి పెడితే గడ్డం మాసినట్టు గరుకుగా ఉంటుంది. పేపర్ కింద నలిగి పడుకున్న నార కొసలన్నీ లేచాయి. కొత్త 320 పేపర్‌తో తేలికగా, ఆ గరుకును మాత్రమే కోసెయ్యి, కర్రలోకి దిగవద్దు. మళ్లీ తడుపు, మళ్లీ ఆరబెట్టు, మళ్లీ కోసెయ్యి. మూడోసారికి లేవడం ఆగిపోతుంది. ఇది చేయకపోతే స్టెయిన్‌లోని తడికి నూనె కిందే నార లేచి కూర్చుంటుంది. ఆఖర్లో బర్రెకొమ్ము ముక్క గానీ, నున్నటి ఉక్కు కడ్డీ గానీ తీసుకుని కర్రను ఒత్తి మెరుగు పెట్టేవాళ్లూ ఉన్నారు. నీకు నచ్చితే స్టెయిన్ తర్వాత చెయ్యి, ముందు చేస్తే రంగు తాగదు.

రంగు గురించి. ఆ పొడుగు తుపాకుల ఎర్రగోధుమ రంగుకు పాత పద్ధతి నైట్రిక్ ఆమ్లంలో ఇనుము కరిగించిన ద్రావణం. దాన్ని పూసి వేడి చూపిస్తే కర్ర ముందు ఆకుపచ్చగా తిరిగి, చూస్తుండగానే ఎర్రటి గోధుమ రంగుకు వస్తుంది. చారలు ముదురుగా లేస్తాయి. ఇంట్లో ఆ ద్రావణం తయారుచేయొద్దు, దాని పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. కలిపి అమ్మేదే కొనుక్కో, గ్లవ్స్ వేసుకో, బయట చెయ్యి, లోహపు భాగాలన్నీ ముందే విప్పి దూరంగా పెట్టు. తర్వాత వంట సోడా నీళ్లతో తుడిచి ఆమ్లాన్ని చల్లార్చు, లేకపోతే ఆ ఆమ్లం లోహానికి తుప్పు పట్టిస్తుంది. మడమ పట్టీ కింద కనపడని చోట ముందు రాసి చూసుకో.

ఇనుముతో రంగు అనేది మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఇలాంటిదే. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన ద్రవాన్ని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పెడితే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి చేసే పని అది. టేకు, వాల్‌నట్ లాంటి వగరున్న కర్రలు ఇనుము తగిలితే అలాగే నల్లబడతాయి. అందుకే తడిగా ఉన్న టేకు మీద స్టీల్‌వూల్ వాడొద్దంటాను, చిన్న పోగు విరిగి ఇరుక్కున్నా నల్లచుక్క వస్తుంది.

నూనెకు వద్దాం. అవిసె నూనె, పెయింటు షాపుల్లో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ అని దొరికేది. పచ్చి అవిసె నూనె వద్దు, వారాలు గడిచినా ఆరదు. మన అనంతపురం వాళ్లకు ఇంట్లో ఎప్పుడూ ఉండే వేరుశనగ నూనె పట్టించి, నెల తర్వాత "జిడ్డు పోవడం లేదు" అని స్టాకులు తెచ్చినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె గాలికి గట్టిపడవు. కర్రలో జిడ్డుగా ఉండిపోయి, దుమ్ము పట్టి, వాసన వస్తాయి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది, తేడా అదే.

మొదటి కోటు సగానికి సగం టర్పెంటైన్ కలిపి పలచగా. ముఖ్యంగా మడమ పట్టీ కింద, కోసిన నార కొనల దగ్గర, తాగినంత తాగించు. గొట్టం గాడి, లాక్ గూడు లోపల కూడా ఒక చేయి పూయి, తేమ దొంగతనంగా వచ్చేది అక్కడి నుంచే. ఆ తర్వాత కోట్లకు నూనె కలపకుండా, నాలుగైదు చుక్కలు అరచేతిలో వేసుకుని అరచేయి వేడెక్కేదాకా రుద్దు. పావుగంట ఆగి, మిగిలిన తడి మొత్తం గుడ్డతో తుడిచెయ్యి. నూనె పైన నిలిచిందంటే అది బంకగా మారుతుంది. కర్నూలులో ఏప్రిల్‌లో ఒక కోటు మరుసటి రోజుకు ఆరిపోతుంది. మీ దగ్గర చలికాలంలో బేస్‌మెంట్‌లో రెండు మూడు రోజులు పట్టొచ్చు. వేలితో రుద్దితే కిచ్‌మనాలి, జారకూడదు, అప్పుడే తర్వాతి కోటు. ఆరు నుంచి పది కోట్లు. మేపుల్ నార సన్నటిది కాబట్టి నారలోని చిన్న గుంతలు నింపే పూరకం అక్కర్లేదు. నీది వాల్‌నట్ అయితే మూడో కోటులో 320 పేపర్‌తో నూనె తడి మీదే రుద్దమనేవాణ్ణి, ఆ ముద్ద గుంతల్ని నింపుతుంది. మైనం మాత్రం అంతా పూర్తిగా ఆరాకే. మధ్యలో మైనం పెడితే తర్వాతి నూనె పట్టదు.

గుడ్డల గురించి గట్టిగా చెప్తున్నాను. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నిప్పురవ్వ అవసరం లేదు. ఒక మే నెలలో రాత్రి మా షాపు మూలలో చెక్కపొట్టు బుట్ట పక్కన అలాగే పొగ లేచింది. పక్కింటాయన వాసన పట్టి తలుపు కొట్టాడు కాబట్టి సరిపోయింది. పని అయిన వెంటనే ఆ గుడ్డల్ని బయట తీగ మీద విడివిడిగా పరిచి ఆరేసి, కరకరలాడేలా అయ్యాక పారెయ్యి. లేదా నీళ్ల బకెట్‌లో ముంచు.

ఎర్రచందనం స్టాక్ చేయించుకోవచ్చా అని కడప వాళ్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు. శేషాచలం, లంకమల కొండల్లో పెరిగే ఆ చెట్టు అనుమతి లేకుండా కొట్టడం, కొనడం నేరం. ఆ ఆలోచన పెట్టుకోవద్దు. టేకు చేవ, జిట్రేగి పాత తలుపుల నుంచి దొరుకుతాయి, దశాబ్దాలు ఆరిన కర్ర కొత్తదాని కంటే నమ్మకంగా ఉంటుంది.

తమ్ముడూ, ఈ వారం ఇత్తడి దించడం, లాక్ పలకలు చదును చేయడం, ఈ రెండూ చెయ్యి. నీళ్లు పట్టించి రెండోసారి ఆరాక, టార్చి పక్క నుంచి వేసి ఫోటోలు తీసి పెట్టు. మెడ దగ్గరవి, లాక్ పక్కనవి, మడమ దగ్గరవి. అవి చూసి చెప్పేదాకా స్టెయిన్ సీసా తెరవకు.